గోడ మూల కలివిచెట్టు

"పెద్దమ్మా, రేపు పొద్దుగాల బంగ్లవాళ్ళు వచ్చి మన వాకిట్ల కలివిచెట్టు తవ్వుకపోతరంట గద. నువ్వు సరే అన్నవని మా అమ్మ చెప్పింది. నిజమేనా?"

నిజమే బిడ్డ. అంటే, నోటితోని అనలే. తలకాయ ఊపిన. నిన్న పొద్దుగూకంగ బంగ్ల చిన్నాయన, ఆ ఇంటాయన కొడుకు, కారేసుకొని వచ్చిండు, గీ గేటు కాడనే నిలవడ్డడు, లోపటికి సుత రాలే. "రేపు పొద్దున ట్రాక్టరు పంపిస్తాను సాయమ్మా, ఇద్దరు మనుషులొస్తారు, వేరు తెగకుండా మట్టితో సహా తీయించు" అన్నడు. నేను తలకాయ ఊపిన. ఊపి, ఆయన పోయినంక ఇంట్లకొచ్చి పొయ్యి ముందట కూసున్న. కూర మాడిపోయింది. నాకు తెల్వనే లేదు.

కూసో. ఆ ఫోన్ల రికార్డు పెట్టుకుంట అంటివి గద, పాత ముచ్చట్లు కావాలె కాలేజీల రాసేటందుకని. పెట్టు. పెట్టినవా? ఎర్రగ వెలుగుతున్నది, అదేనా. మంచిది. నాకు ఫోన్ ముందట మాట్లాడరాదు. మనుషుల ముందటనే మాట్లాడరాదు, ఫోన్ ఎంత. ఐదో తరగతి దాంక చదివిన, అప్పుడు సుత పంతులు పేరు పిలిస్తే లేచి నిలవడుడే గని జవాబు చెప్పకపోయేదాన్ని. జవాబు తెలిసి సుత చెప్పకపోయేదాన్ని. గది నా రోగం.

బంగ్ల అంటే నీకు తెల్సు గద, బోధన్ దాటినంక కాలువ పొంటి పోతుంటె ఎడమ దిక్కు. ఇప్పుడు ఫంక్షన్ హాల్ చేసిన్రు, లైట్లు పెట్టిన్రు. అప్పుడు ఇల్లే. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చిన్రు, నిజాంసాగర్ నీళ్ళు సూసి భూములు కొన్నరు, చెరుకు పెట్టిన్రు. నేను పనికి పోయేనాటికి పెద్దాయన, ఆయన భార్య అమ్మగారు, గీ చిన్నాయన ఇస్కూలుకు పోయే పిల్లగాడు. వాళ్ళు చెడ్డోళ్ళని నేననను బిడ్డ. మీ అన్న పుట్టినప్పుడు, నా కొడుకు రాజు, వాడు పుట్టినప్పుడు నెల రోజులు అమ్మగారు పాలు పంపింది. అది నేను మర్వలే. గని పాలు పంపినోళ్ళే మాట సుత అంటరు. పాలు తాగినమని మాట మింగాలెనా. నేను మింగిన. ముప్పై ఏండ్లు మింగిన.

ఏం మాటనా? చెప్త, ఆగు.

మా అవ్వ, అంటే నీకు అమ్మమ్మ, ఆమె చెయ్యి గురించి విన్నవా నువ్వు? చెరుకు పెట్టేటప్పుడు గడను ముక్కలు కోస్తరు గద, రెండు మూడు కన్నులుండేటట్టు, ముచ్చెలంటరు. సాళ్ళల్ల ముచ్చెలు పెట్టేటప్పుడు మొదటి ముచ్చె ఎవ్వలంటే వాళ్ళు పెట్టరు. చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషిని పిలుస్తరు. కొబ్బరికాయ కొట్టి, ఆమెతోని మొదటి ముచ్చె పెట్టించి, అటెంకనే కూలోళ్ళు దిగుతరు. మా అవ్వను నాలుగు ఊర్లకు పిలిచేది. అవ్వ పోయినంక నన్ను పిలిచిన్రు. నేను మాట్లాడకపోయేదాన్ని గద, ఎవ్వల ఇంటికి పోయినా తలుపు ఎనక నిలవడేదాన్ని. గని ఆ ఒక్క పొద్దు అందరు నాకు తొవ్వ ఇచ్చేది. చేను ఒడ్డు మీద నలభై మంది నిలవడి నా చెయ్యి దిక్కు సూసేది. నాకు ఉన్నది గదొక్కటే బిడ్డ. నోరు లేదు, చెయ్యి ఉండె.

అగో, మళ్ళ ఎటో పోయిన. కలివిచెట్టు ముచ్చట గద.

మనం కలివికాయ అంటం, వాళ్ళు వాక్కాయ అంటరు. అమ్మగారికి వాక్కాయ పప్పు లేకుంటె వానకాలం గడవదు. ఒకనాడు పెద్దాయన నిజామాబాద్ల నర్సరీకి పోతు, మొక్కలు పట్టుకొని కూసునేటందుకు నన్ను జీపు ఎనక ఎక్కించుకున్నడు. ఆ నర్సరీ ఒక ముసలి సాయబుది, అందరు చాచా అనేది. చాచా కాడ ఒక కలివి ఉన్నది. మన గుట్టల మీదిది కాదు, సోకుది. ముండ్లు తక్కువ, ఆకు నున్నగ, కాయ గులాబి రంగు, గుత్తులు గుత్తులు. పెద్దాయన దాన్ని సూసి నిలవడిపోయిండు. "మా కాంపౌండ్ చుట్టూ ఇదే వేస్తాను, దారిన పోయేవాళ్ళు ఆగి చూడాలి" అన్నడు.

చాచా ఏమన్నడంటే, నా చెవులార విన్న బిడ్డ, అల్లా మీద ఆన పెట్టినట్టు చెప్పిండు, "సాబ్, ఇదొక్కటే తీస్కపోకుండ్రి. దీని పక్కకు వేరే కలివి ఒకటి ఉండాలె. దీని పువ్వు దీనికి పనికి రాదు. వేరేదాని పువ్వు పొడి దీనికి తాకితేనే కాయ. నా కాడ సూడుండ్రి, ఎనక నల్లకాయల చెట్టు పెట్టుకున్న, అందుకే కాస్తున్నది" అన్నడు.

పెద్దాయన నవ్విండు. "వంద ఎకరాల చెరుకు ఒక్క గడ జాతి నుంచి తీసినోణ్ణి, నాకు మొక్కలు పెట్టటం చెప్తావేంటయ్యా" అన్నడు. ఒక్క మొక్కనే తెచ్చిండు. తొవ్వ పొడుగూత నేను దాన్ని ఒళ్ళె పెట్టుకొని కూసున్న.

సూడు, తప్పు యాడ ఉన్నదో నాకు అప్పుడు తెల్వలే, మెల్లగ తెలిసింది. చెరుకోళ్ళ తెలివి అది. చెరుకుకు కాయ వద్దు, గింజ వద్దు. చెరుకు పూత పూస్తే ఏడుస్తరు, గడల తీపి పోతదని. ఒక్క మంచి గడ దొరికితే దాన్నే ముక్కలు కోసి, ఆ ముక్కలు మొలిస్తే వాటిని ముక్కలు కోసి, చేను చేనంత ఒక్కటే గడ. మధ్యల వేరే రకం ఒక్క దుబ్బ కనపడితే పీకి ఒడ్డు మీద పడేస్తరు, కలగలుపు అయితదని. కాయ కావాలన్న చెట్టును సుత గట్లనే పెట్టిన్రు. ఆ ఒక్క మొక్క పెరిగినంక దాని కొమ్మలు కోయించి ముచ్చెలోలె నాటించిండు. అన్ని ఎండినయి, కలివి కొమ్మ అంత జల్ది వేరు పట్టదు. అప్పుడు నేను అంట్లు గట్టిన. కొమ్మ తోలు ఏలెడంత చెక్కి, తడి నాచు పెట్టి, పాలకవరు సుట్టి, దారం గట్టి. చేతులకు పాలు అంటుకొని నల్లగ బంకబంక, కిరోసిన్ తోని కడిగినా పోకపోయేది. రెండు వానకాలాలల్ల నలభై మూడు మొక్కలు తీసిన. అన్ని ఒక్క తల్లి చెట్టువే. గేటు కాడి నుంచి చుట్టు తిరిగి మళ్ళ గేటు దాంక పెట్టిన. ఒక్కటి సుత చావలే. అది సుత చెయ్యే గద? ఎవ్వలన్న అన్నరా?

మూడో ఏడు శివరాత్రి పోయినంక పూసినయి. అబ్బ, ఏం పూత బిడ్డ. తెల్లగ చుక్కలు చుక్కలు, వాసన కాలువ దాంక. అమ్మగారు ఊరగాయ జాడీలు కడిగిపెట్టుకున్నది. పువ్వులు తొడిమలతోని సహా రాలినయి. తెల్లారి ఊడిస్తే గంప నిండేది. కాయ లేదు. మరుసటేడు మళ్ళ గంతే. దాని మరుసటేడు గంతే.

పెద్దాయన మొదట కాలువ నీళ్ళన్నడు. అటెంక మట్టన్నడు, మట్టి తెప్పించి పోయించిండు. పూత పట్టిన నాలుగో ఏడు చుట్టాలు వచ్చిన్రు, వరండల కూసొని చాయ తాగుతున్నరు. వాళ్ళల్ల ఎవ్వలో అడిగిన్రు, ఇన్ని మొక్కలకు ఒక్క కాయ లేదేమని. అమ్మగారు నా దిక్కు సూడకుంటనే అన్నది, "అంటు కట్టిన చెయ్యి మంచిది కాదేమోనండి. దాని చేత్తో పెట్టినవన్నీ ఇంతే." నేను ట్రే పట్టుకొని అక్కడనే నిలవడ్డ. అందరు నా చేతుల దిక్కు సూసిన్రు.

నాకు చాచా మాట యాదికొచ్చింది. నోటి దాంక వచ్చింది. ఆయన చెప్పిండు గద అమ్మా, పెద్దాయననే వినలే అని. గంత మాట. చెప్పకపోతి. గ్లాసులు లోపలికి తీస్కపోయి కడిగిన.

ఆ ఏడు చెరుకు పెట్టేటప్పుడు నన్ను పిలవలే. నేను తానం చేసి, పసుపు రాసుకొని, చేను కాడికి పోయిన బిడ్డ. తెల్వదు గద నాకు. ఒడ్డు మీద నిలవడ్డ. కొబ్బరికాయ కొట్టిన్రు. పెద్దాయన నా పక్క నుంచి నడిచి పోయి ఎనకనున్న ఇంకో ఆమెకు ముచ్చె ఇచ్చిండు. ఆమె ఎవ్వలనేది ఎందుకులే, ఆమె తప్పు లేదు. నలభై మందిల ఒక్కలు కిసుక్కుమన్నరు. నేను చెంగు నడుముకు చెక్కి ఆ కూలోళ్ళల్లనే దిగి పొద్దుగూకేదాంక ముచ్చెలు పెట్టిన. అటెంక ఏ ఊరోళ్ళు సుత పిలవలే. ఒక్క కాయ కాయకపోతే ముప్పై ఏండ్లు, ఇనబడుతున్నదా నీకు, ముప్పై ఏండ్ల సంది నేను ఏ చేన్ల మొదటి ముచ్చె పెట్టలే.

నీళ్ళియ్యి జర. ఆ చెంబు కాదు, కుండల చల్లగ ఉన్నయి.

అయితే ఏమైంది, నన్ను గేటు కాడి నుంచి తీసి ఎనక బట్టలుతికే బండ కాడ పెట్టిన్రు. ముందట తోట ముట్టుకోవద్దన్నరు. బండ ఎనక గోడ మూలకు ఒక పాత కలివిచెట్టు ఉండె. బంగ్ల కట్టకముందుదే ఉంటది. పిట్టలు గింజ పడేసినయో, మేకలు పడేసినయో. గోడంత ఎత్తు, మొత్తం ముండ్లు, నల్ల కాయ, పుల్లగ. దాన్ని ఎవ్వలు చెట్టని సుత అనకపోయేది, కంప అనేది. నేను దాని మీద గుడ్డలు ఆరేసేదాన్ని. ఒకనాడు గుడ్డలు తీస్తుంటె సూసిన. ఆ కంప పక్కకు గోడ పొంటి మన గులాబి కలివి రెండు మొక్కలున్నయి గద, నేను పెట్టినవే, గోడ నీడకు అప్పటిదాంక పూయలే, ఆ ఏడే మొదటిసారి పూసినయి, ఆ రెండిటికి కాయలు. పది పదిహేను ఉంటయి. మిగిలిన నలభై ఒక్కటికి ఏం లేదు. దూరం పోయినకొద్ది ఏం లేదు.

చాచా నిజం చెప్పిండు.

మరుసటేడు పూత రాంగనే, పొద్దుగాల వాళ్ళు లేవకముందు పోయిన. చీపురు పుల్ల సన్నటిది తీసుకున్న. కలివిపువ్వుకు గొట్టం సన్నగ ఉంటది, వేలు పట్టదు. పుల్ల కొన కంప పువ్వుల పెట్టి తిప్పి, తీస్కపోయి గేటు కాడి మొక్క పువ్వుల పెట్టిన. పెట్టిన పువ్వుకల్ల ఎర్రదారం గట్టిన, మర్వకుంట. ఇరవై పువ్వులకు గట్టిన. పది దినాలల్ల పక్క పువ్వులన్ని రాలినయి. దారం గట్టిన వాటిల పద్నాలుగు నిలవడ్డయి. పచ్చగ, పూసంత పూసంత. నేను ఆ మొక్క కింద కూసొని ఏడ్చిన. సంతోషం తోని కాదు. కోపం తోని.

నలభై మొక్కలకు పుల్ల పట్టుకొని ఎంతని తిరుగుత. అందుకని వేరే ఉపాయం చేసిన. కంప పూసిన కొమ్మలు కోసి, పాత డబ్బాలల్ల నీళ్ళు పోసి పెట్టి, ఆ డబ్బాలు మొక్కల మధ్యల అక్కడొకటి అక్కడొకటి పెట్టిన. ఇగ తేనెటీగలు వాటి పని అవి చేసినయి. ఇటు వాలి అటు వాలి. అమ్మగారు సూసి, "ఈ ముళ్ళకంప ఇక్కడెందుకు పెట్టావే" అన్నది. "పువ్వులు మంచిగున్నయమ్మా" అన్న. నా బతుకుల ఆమెకు నేను చెప్పిన పెద్ద మాట గదే.

ఆ ఏడు బంగ్ల చుట్టు గులాబి గుత్తులు. దారిన పోయేటోళ్ళు బండ్లు ఆపిన్రు. పెద్దాయన వచ్చినోళ్ళందరికి చెప్పుడు, "నేను వేసిన మందండీ, మూడు బస్తాలు తెప్పించి వేశాను" అని. ఆ మందు వేసింది నిజమే. గుత్తులు దానితోని వచ్చినయి అనుకున్నడు. నేను పక్కన నీళ్ళు పెడ్తున్న. నా చెయ్యి మంచిది కాదన్నది సుత మళ్ళ ఎవ్వలు తీసెయ్యలే. కాయ లేకుంటె నా చెయ్యి, కాయ వస్తే ఆయన మందు. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు, ఇదేం లెక్క?

ఏందీ? కంప గింజలు తెచ్చి మొక్కల మధ్యల పెట్టకపోయినవా అంటవా? పెట్టిన. రెండు మొలకలు పెట్టిన. పెద్దాయన పీకేసిండు. "వరసలో వేరే జాతి రాకూడదు" అన్నడు. చెరుకు బుద్ధి అన్న గద. అందుకే ఒక్క మొలక ఇంటికి తెచ్చి మన వాకిట్ల పెట్టిన. గిదే, నీ ఎనకనున్నది. దీనికి కాయలు ఎట్లొస్తున్నయనా, ఆ తడక అవతల ఒకటున్నది సూడు, నీ తాత గుట్ట నుంచి తెచ్చింది. రెండు ఒకదానికొకటి.

ఏటేట పూత కాలంల డబ్బాలు పెట్టిన. పెద్దాయన సచ్చిపోయిండు, పెట్టిన. చిన్నాయన ఫంక్షన్ హాల్ చేసిండు, పెట్టిన. పెండ్లి పిల్లలు ఆ గుత్తుల కాడ నిలవడి ఫోటోలు దిగుతుండిరి. పోయిన దసరాకు నాలుగు దినాలు సెలవు తీసుకొని మీ ఇంటికి వచ్చిన గద, తిరిగి పోయేసరికి గోడ మూల ఖాళీ. బండ లేదు, కంప లేదు. కార్లు పెట్టేటందుకు సాఫ్ చేసిన్రు, రాళ్ళు పరిచిన్రు. మొద్దు సుత లేదు, జేసీబీ తోని వేర్లతోని లేపేసిన్రు. నేను వాచ్‌మన్‌ను అడిగిన, యాడ పడేసిన్రని. కాల్చిన్రు అన్నడు. మోకాళ్ళ నొప్పులని చెప్పి నేను ఆ దినం నుంచి పని బంద్ చేసిన. మోకాళ్ళు మంచిగనే ఉన్నయి.

ఈ ఏడు పూసినయి, రాలినయి. తెలిసే ఉన్నది. అప్పుడు వాచ్‌మన్ చెప్పినట్టున్నడు, సాయవ్వ ఏటేట ఆ కంప కొమ్మలు డబ్బాలల్ల పెడ్తుండె అని. చిన్నాయన చదువుకున్నోడు, ఫోన్ల సూసుకున్నడట. అర్థమయ్యింది ఆయనకు. అర్థమయ్యి ఏం చేసిండు? నిన్న వచ్చి, "మీ ఇంట్లో ఆ చెట్టు పిల్ల ఉందట కదా" అన్నడు. అవునన్నట్టు సూసిన. "మా చెట్టు గింజే కదా, మాదే అనుకో. కావాలంటే ఏదన్నా ఇస్తాలే" అన్నడు. గంతే. మా అమ్మ అప్పుడు తప్పన్నది అని ఒక్క మాట లేదు. నీ చెయ్యేనా సాయమ్మా ఇన్నేండ్లు కాయించింది అని ఒక్క మాట లేదు. మా చెట్టు గింజే అంట. పిట్ట పడేసిన గింజ మీదెట్లయితది? మీరు కంపన్నరు, కాల్చిన్రు. మీరు పీకేస్తే నేను పెట్టుకున్న. ఇరవై ఏండ్లు నీళ్ళు పోసిన.

గదంతా ఇప్పుడు వస్తున్నది నోట్లకు. నిన్న రాలే. నిన్న తలకాయ ఊపిన. గంగల పోనీ నా తలకాయ.

ఏమంటవ్? నువ్వు ఫోన్ చేసి చెప్తవా? వద్దు. ఎవ్వల తోని చెప్పియ్యొద్దు. చాచా చెప్పిండు, వినలే. డబ్బాలు చెప్పినయి, సూడలే. ఇగ నేనే చెప్పాలె. రేపు ట్రాక్టరు వస్తది. ట్రాక్టరు డ్రైవరుకు కాదు, చిన్నాయననే రమ్మంట. వచ్చినంక చెప్త. ఏం చెప్తనంటే... ఆగు.

చెట్టు ఇయ్యను.

గింజలిస్త. ఇగో ఈ పండ్లు కోసిపెట్టిన, గిన్నెల ఉన్నయి. మా ఇంట్ల నుంచి ఒట్టి చేతుల తోని ఎవ్వల్ని పంపలే, మిమ్ముల సుత పంపను. గింజలు తీస్కపోయి పెట్టుకోండ్రి. మీకు ఎవ్వల చెయ్యి మంచిదైతే వాళ్ళ చెయ్యితోనే పెట్టిచ్చుకోండ్రి. నాలుగేండ్లు ఓపిక పట్టుండ్రి. మీరు నా చెయ్యిని నాలుగేండ్లు సూసి మాటన్నరు గద, మీ చెయ్యిని సుత గట్లనే సూడుండ్రి. గట్లంట. అమ్మగారు ఇంకా ఉన్నది గద, మంచంల ఉన్నదంట, ఆమెకు సుత చెప్పుమంట.

గట్లనే అంటనా? అంటనే. నువ్వు రేపు పొద్దుగాల నా పక్కన ఉండు బిడ్డ. నువ్వేం మాట్లాడకు. ఊకె నిలవడు, చాలు. నేను తలకాయ ఊపుతున్న అనిపిస్తే నా చెయ్యి గట్టిగ పట్టుకో.

నీకు సుత పెట్టిన, అగో ఆ కాయితంల. నిజామాబాద్ల మీ కొత్త ఇంటి గోడ పొంటి పెట్టుకుంట అంటివి గద. ఒక్క పండు గింజలు కావు, తడక అవతల చెట్టుయి కొన్ని, గీ చెట్టుయి కొన్ని కలిపిన. ఒక్కటే పెట్టకు. నీ ఇల్లు కాయలు కాయాలె, నీ నోట్ల మాట నీకుండాలె, నువ్వు చల్లగుండాలె. నీకు తెలిసిన జవాబు నువ్వు లేచి నిలవడి చెప్పాలె.

ఆ ఎర్రది ఇంకా వెలుగుతున్నదా? అయితే అంతా అండ్ల పడ్డట్టే. ఏది, ఎనకకు తిప్పరాదా జర. నేను ఇయ్యను అన్నది ఉన్నది గద, గదొక్కటి వినిపియ్యి. నా గొంతు ఎట్లుందో సూస్త.

...

నేనేనా అది? ఇంకొక్కసారి పెట్టు.